సూది గుచ్చేటప్పుడు అమ్మ ఎక్కడుండాలి?

"రక్తం తీయాలమ్మా, మీరు కాస్త బయట ఉండండి." మన ఆసుపత్రుల్లో రోజూ వినబడే మాటే. తల్లి చూసి తట్టుకోలేదని దయతోనే అంటారు. కానీ ఆ మాటతో బిడ్డ నొప్పికి చేతిలో ఉన్న మంచి మందునే గుమ్మం దాటించేస్తున్నాం.

పసిగుడ్డుకి నొప్పి తెలియదని ఒకప్పుడు వైద్యులూ నమ్మారు. 1980లలో కూడా విదేశాల్లో నెలలు నిండని శిశువులకు తగినంత మత్తు లేకుండానే ఆపరేషన్లు జరిగాయి. ఆ నమ్మకాన్ని కదిలించినవారిలో ముందు వరుసలో ఉన్నది భారతీయుడైన డాక్టర్ కన్వల్జీత్ ఆనంద్. బలమైన నొప్పి మందు ఇచ్చిన శిశువులకు ఆపరేషన్ తర్వాత చిక్కులు తక్కువగా వచ్చాయని 1987లో ఆయన బృందం చూపించింది.

మా ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) ఏడో నెలలో పుట్టిన ఓ బాబుకి సిస్టర్ మడమ గుచ్చి షుగర్ చూసింది. "గడుసువాడు సార్, కిక్కురుమనలేదు" అంది. ముఖం చూడమన్నాను. కనుబొమలు ముడిపడ్డాయి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు, వేళ్లు విచ్చుకుని బిగిసిపోయాయి. మానిటర్‌లో ఆక్సిజన్ పడిపోతోంది. ఏడవడానికే వాడికి ఓపిక లేదు. తర్వాతి పరీక్షకు ఇంకో సిస్టర్ తలమీద ఒక చెయ్యి, ముడిచిన కాళ్లమీద ఒక చెయ్యి ఉంచి వాణ్ని పొదివి పట్టుకుంది. ఈసారి ఆక్సిజన్ అంతగా తగ్గలేదు.

కామెర్లు వచ్చిన మూడురోజుల పాపకు రక్తం తీసేటప్పుడు తల్లి దగ్గరుండటానికి అమ్మమ్మ అడ్డుపడింది. "పచ్చిబాలింత, చూసి తట్టుకోలేదు బాబూ." తల్లి మాత్రం ఉంటానంది. పాప రొమ్ము అందుకుని కాసేపు బాగా చప్పరించాక, చేతి వెనక నరం నుంచి రక్తం తీశాం. ఒక్కసారి ఉలిక్కిపడి, కుయ్యిమని, మళ్లీ పాలలో పడిపోయింది. పాలు పొరబోతాయని భయపడతారు గానీ, దీనిమీద జరిగిన అధ్యయనాల్లో అలాంటి హాని కనబడలేదు.

మడమ గుచ్చి రక్తం తీసేటప్పుడు సూదికన్నా మడమను పిండడమే ఎక్కువ బాధ. రక్తం ఎక్కువ కావాలంటే, చేయి తిరిగినవారు నరం నుంచి తీయడమే నయం. తల్లి దగ్గర లేనప్పుడు కొలిచిన సుక్రోజ్ (చక్కెర) ద్రావణం కొన్ని చుక్కలు నాలుకమీద వేసి, రెండు నిమిషాలు ఆగి గుచ్చుతాం. అది ఆసుపత్రిలో చేసే పని. ఇంట్లో చక్కెర నీళ్లు పట్టకండి, ఏడాదిలోపు తేనె అసలే నాకించకండి. ఉదయం ఒక పరీక్షకు, సాయంత్రం ఇంకోదానికి గుచ్చే బదులు, వీలైనవన్నీ ఒకే సూదితో ముగించడం డాక్టర్ల బాధ్యత.

తల్లులకు చెప్పేది ఒకటే. బయట ఉండమంటే, "పాలు పడుతూ ఉంటాను, అప్పుడు తీస్తారా?" అని అడగండి. చాలాసార్లు కుదురుతుంది. కుదరకపోతే ఎందుకో మేం చెప్పాలి.