వంటింట్లో ఉదజని

మొన్న ఆదివారం మధ్యాహ్నం అంట్లన్నీ సర్దేసి కాస్త నడుం వాలుద్దామనుకుంటుంటే వంటింట్లోంచి బ్లీచింగ్ పౌడర్ వాసన వచ్చింది. మా ఇంట్లో బ్లీచింగ్ పౌడరే లేదండీ!

ఆ వాసన నేను పొరపాటు పడేది కాదు. 1986లో గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు నాకు ఆరేళ్ళు. నీళ్ళు తీశాక మా లంకలో ప్రతి నూతిలోనూ ఆ పౌడరు కలిపారు. చాన్నాళ్ళపాటు తాగే నీళ్ళూ అదే వాసన, తినే అన్నమూ అదే వాసన.

గబగబా లేచి వెళ్ళి చూద్దును కదా, స్టవ్వు గట్టు మీద మా చిన్నది దుకాణం పెట్టేసింది. సగానికి కోసిన కూల్‌డ్రింక్ సీసా, అడుగున గుచ్చిన రెండు పెన్సిళ్ళు, వాటికి వైర్లు, ఒక తొమ్మిది వోల్టుల బ్యాటరీ. పదో తరగతి సైన్సు ప్రాజెక్టు. నీళ్ళని విడగొట్టి హైడ్రోజన్ తీస్తుందట.

"నీళ్ళలో ఏం కలిపావే?"

"ఉప్పేనమ్మా."

"ముందు ఆ వైరు పీకు. కిటికీ తెరు."

"అబ్బా, నీకు సైన్సు తెలీదు కదమ్మా. నాన్న క్యాంపు నుంచి వచ్చాక అడుగుతాలే."

వైరు నేనే పీకేశాను. ఫ్యాను వేసి దాన్ని హాల్లోకి తోశాను. కోపమొచ్చిందా అంటే వచ్చింది, కానీ అది దాని మీద కాదు. టెన్త్‌లో నాకూ సైన్సంటే ఇష్టమేనండీ. బైపీసీ చదవాలంటే రోజూ రేవు దాటి వెళ్ళాలి. ఆడపిల్ల పడవ మీద రోజూ ఏం వెళ్తుందిలే అన్నారు మా నాన్న. తర్వాత మా పిన్ని ఊళ్ళో ఉండి బీఏ తెలుగు చేశాను. తెలుగు నాకు ప్రాణమే, ఆ విషయంలో నాకు బాధ లేదు. కానీ "నీకు తెలీదు కదా" అన్న మాట మాత్రం ఇంకా గుచ్చుకుంటుంది.

సాయంత్రం అదే పుస్తకం పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంది. మొహం చిన్నబోయింది. ఉప్పంటే సోడియం క్లోరైడ్ కదా, కరెంటు పెడితే ప్లస్ వైపు ఆక్సిజన్ బదులు క్లోరిన్ పుడుతుందట. బ్లీచింగ్ పౌడర్ వాసనా క్లోరిన్‌దే. మూసిన గదిలో ఎక్కువసేపు పీలిస్తే ప్రమాదం. "నీ ముక్కు కరెక్టేనమ్మా" అంది. అంతకంటే సారీ అది చెప్పదు.

మరి ఉప్పు బదులు ఏం వెయ్యాలి? ఉత్త నీళ్ళలో కరెంటు సరిగ్గా పారదు. పుస్తకంలో సల్ఫ్యూరిక్ ఆమ్లం కొన్ని చుక్కలన్నారు. ఇన్వర్టర్ బ్యాటరీలోంచి తీద్దామా అంది మహాతల్లి! దాని జోలికెళ్తే కాళ్ళు విరగ్గొడతానన్నాను. "నీళ్ళలో కరగాలి, క్లోరిన్ ఉండకూడదు, అంతే కదా?" అని ఎగ్జాస్ట్ ఫ్యాను జిడ్డు వదలగొట్టడానికి తెచ్చిన చాకలి సోడా ప్యాకెట్టు తెచ్చిచ్చాను. అది పేరు చదివింది. సోడియం కార్బొనేట్. కళ్ళు మెరిశాయి.

పెన్సిళ్ళ పని నాది. కొస దగ్గర అంగుళం మేర చెక్క తీసి లోపలి గ్రాఫైట్ ములుకు బయటపెట్టాలి. అది రెండు విరగ్గొట్టింది. కూరగాయల చాకుతో నేను నెమ్మదిగా చెక్కితే ఒక్కటీ విరగలేదు. ఇరవయ్యేళ్ళుగా అరటిపువ్వులో దొంగలు ఏరుతున్న చెయ్యండీ ఇది. కన్నాల చుట్టూ ఎం-సీల్ పూసి రాత్రంతా ఆరనిచ్చాం. మందుల షాపులో రెండు ఐదు మిల్లీలీటర్ల సిరంజీలు కొని, లోపలి తోపుడు పుల్లలు తీసేసి, సూది మూతులు కూడా ఎం-సీల్‌తో మూశాం. వాటిని సోడా నీళ్ళతో నింపి పెన్సిల్ కొసల మీద బోర్లించాం. కింది మూతి తెరిచే ఉంటుంది కాబట్టి లోపల ఒత్తిడి పెరగదు. రెండు గ్యాసులూ ఒకే గొట్టంలో కలవకూడదు, అది ముఖ్యం.

బ్యాటరీ తగిలించగానే మైనస్ వైపు నువ్వుగింజల కన్నా చిన్న బుడగలు ఒకటే పరుగు. ప్లస్ వైపు బద్ధకంగా ఒక్కొక్కటీ. స్టవ్వు మీద పాలున్నాయన్న సంగతే మర్చిపోయి ఇద్దరం గడ్డాలు గట్టుకానించి చూస్తూ కూర్చున్నాం. (స్టవ్వు ఆఫ్ చేసే ఉందిలెండి.) ఒకవైపు నాలుగు మిల్లీలీటర్లు నిండేసరికి రెండోవైపు ఒకటిన్నరే వచ్చింది. సగం రావాలి కదా, తప్పు చేశామేమోనని దాని బెంగ. తర్వాత వాళ్ళ టీచరు చెప్పారట, ఆక్సిజన్ కొంత నీళ్ళలో కరుగుతుంది, కొంత పెన్సిల్‌లోని కార్బన్‌తో కలిసిపోతుంది అని. నిజమే, నీళ్ళు కాస్త మసిబారాయి కూడా.

చార్టు రాసేటప్పుడు హైడ్రోజన్‌ని మేము ఉదజని అనేవాళ్ళమని చెప్పాను. ఉదకం అంటే నీళ్ళు, జని అంటే పుట్టుక. "అయితే నీళ్ళలోంచి పుట్టిందనా, నీళ్ళని పుట్టించేదనా?" అంది. లావోషియే వాళ్ళు పెట్టిన అసలు పేరుకి రెండోదే అర్థం, కానీ మన సమాసం ఎటైనా విడదీసుకోవచ్చు. 1800లో నికల్సన్, కార్లైల్ నీళ్ళని ఇలాగే విడగొట్టారని చార్టు మీద ఇంగ్లీషులో రాసి, పైన పెద్దక్షరాలతో 'ఉదజని' అని నాచేత రాయించింది.

చివరి పరీక్ష బాల్కనీలో. వాళ్ళ నాన్న బండి కళ్ళద్దాలు దానికి పెట్టాను. సిరంజీని పట్టకారుతో మూతి కిందికే ఉంచి పైకెత్తాను. అది చెయ్యి చాపి అగ్గిపుల్ల చూపించింది. టప్!

ఇద్దరం ఎగిరిపడ్డాం. ఎదురింటి పిన్నిగారు బయటికొచ్చి ఏమైందమ్మా అని అడిగారు.

"ఏం లేదు బామ్మగారూ, అమ్మా నేనూ నీళ్ళు తయారుచేశాం" అంది మా చిన్నది.