రోజూ అంబాసిడర్‌లోనే

మా నాయన కొన్న అంబాసిడర్ మార్క్ 4లోనే నేను ఇప్పటికీ ఓర్వకల్లు నుంచి కర్నూలుకు పనికి పోయొస్తుంటాను. "ఇంక అమ్మేయ్ బ్బా" అనేవాళ్లు చాలామందే. ఎందుకమ్మాలి? మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో వచ్చిన ఈ కారు తయారీ 2014లో ఉత్తర్‌పారాలో ఆగిపోయినా, సామాన్లు ఇంకా దొరుకుతున్నాయి. బానెట్ ఎత్తితే మెకానిక్ చేతికి అందని భాగమే లేదు.

మా ఎండలే దీనికి అసలు పరీక్ష. ఏప్రిల్ మధ్యాహ్నం ఇంజన్ వేడికి పెట్రోల్ పైపులోనే ఆవిరైపోయి, బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోతుంది. పంపుకు తడిగుడ్డ చుట్టి, వేపచెట్టు నీడన కాసేపు ఆగితే మళ్లీ స్టార్ట్. ఇప్పుడొచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోల్ పాత రబ్బరు పైపులను పాడుచేస్తుంది, అందుకే అవన్నీ మార్పించాను.

ఇంకో మాట. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయిస్తే రోజూ తిప్పడానికి వీల్లేదు. నడుపుకోవాలనుకునేవాళ్లు మామూలు రిజిస్ట్రేషన్‌నే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోండి. మీ ఇంట్లో పాత కారు మూలన పడి ఉంటే, తుక్కుకు వేసే ముందు ఒక్కసారి మంచి మెకానిక్‌కు చూపించండి.