లక్ష్యం ఎవరిది?

ఎందుకు పుట్టాం, ఎందుకు పోతాం? తీరిక గలవారికిది వేదాంతం. బిలాస్‌పూర్ శివారులోని పెండారీలో 2014 నవంబరు 8న దానికి రాజ్యమే జవాబు చెప్పింది. వాడకంలో లేని ఆసుపత్రి భవనంలో, కొద్ది గంటల్లో, 83 మంది పేద స్త్రీలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగాయి. అస్వస్థులైన వారిని నగరంలోని ఆసుపత్రులకు, అర్పా నది ఆవల సర్కండా వైపున్న అపోలోకు తరలించారు. పన్నెండు మందికి పైగా మరణించారు. పాలు మరవని బిడ్డలను విడిచిపోయిన తల్లులూ వారిలో ఉన్నారు. లక్ష్యమనేది మనిషి బతుకుకు ఉండవలసిన మాట. ఆరోగ్యశాఖ దస్త్రాల్లో అది శస్త్రచికిత్సల సంఖ్య. దేవికా బిశ్వాస్ కేసులో 2016 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు ఇటువంటి శిబిరాలను మూడేళ్లలో నిలిపివేయాలని ఆదేశించింది. పురుషులకు చేసే శస్త్రచికిత్స ఇంతకంటె సులువు. అయినా ఆ శిబిరాల్లో బారులు తీరింది స్త్రీలే.