కారుకి ఎడమ, పడవకి కుడి

అమెరికా వెళ్ళిన తెలుగువాడు మొట్టమొదట మరిచిపోవలసింది కుడిపక్క సీటుని. హైదరాబాదులోనో విజయవాడలోనో ఏళ్ళ తరబడి కారు నడిపిన మనిషి అక్కడ అలవాటుకొద్దీ కుడి తలుపు తీసి, స్టీరింగు లేని సీటు ముందు కాసేపు తెల్లబోయి నిలబడతాడు. నెల తిరిగేసరికి ఎడమపక్క అలవాటైపోతుంది. ఆ తర్వాత ఏ వేసవిలోనో నాలుగు కుటుంబాలు కలిసి సరస్సు మీద పడవ అద్దెకు తీసుకుంటాయి. ఎక్కి చూస్తే స్టీరింగు మళ్ళీ కుడిపక్కన!

అట్లాంటాకి ఉత్తరాన కమ్మింగ్, సువానీ, జాన్స్ క్రీక్ ఊళ్ళలో స్థిరపడ్డ మనవాళ్ళకి ఈ అనుభవం లేక్ లానియర్ మీద ఎదురవుతుంది. 1950లలో చాటహూచీ నది మీద బ్యూఫర్డ్ ఆనకట్ట కట్టాక ఏర్పడిన సరస్సు అది. విస్తీర్ణం సుమారు 38,000 ఎకరాలు. అక్కడ ఎక్కువగా అద్దెకు దొరికేది పాంటూన్ పడవ. రెండో మూడో పొడవాటి అల్యూమినియం గొట్టాల మీద పరిచిన అరుగులాంటిది. చుట్టూ సోఫాలు, పైన చిన్న పందిరి, పులిహోర గిన్నెలు పెట్టుకోవడానికి కావలసినంత చోటు. గోదావరి ఒడ్డు నుంచి మనవల్ని చూడటానికి వచ్చిన మామగారు ఆ పడవని ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకి పరకాయించి చూసి, "ఏమండీ అల్లుడుగారూ, కారుకేమో అటు, పడవకేమో ఇటు పెట్టారేంటండీ వీళ్ళు?" అని అడిగారంటే అల్లుడుగారు ఇరుకున పడ్డట్టే.

రేవులో తాళాలిచ్చే కుర్రవాణ్ణి అడిగితే ఠకీమని చెప్పే కారణం ప్రొపెల్లర్. ఒకే మోటారున్న పడవల్లో ప్రొపెల్లర్ సాధారణంగా, వెనకనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. అది నీటిని ఒకవైపు మెలితిప్పితే, ఆ ప్రతిచర్య పడవని రెండోవైపుకి వంచుతుంది. అంటే ఎడమ అంచు కాస్త కిందికి దిగుతుంది. ఒంటరిగా నడిపే మనిషి కుడిపక్కన కూచుంటే అతని బరువే ఆ వంపుని సరిచేస్తుంది. చిన్న పడవలో థ్రాటిల్ ఒక్కసారిగా ముందుకి నెట్టి చూస్తే ఈ సంగతి ఒంటికే తెలుస్తుంది.

మాట నిజమే కానీ, దానికి ఇవ్వవలసినదానికంటే ఎక్కువ పేరు ఇచ్చేశారు. పన్నెండుమంది ఎక్కిన పాంటూన్ మీద ఒక్క మనిషి బరువు ఎటుంటే ఏం? అంతా ఫోటోల కోసం ఎడమవైపుకే పరిగెత్తితే ఆ లెక్క అక్కడే తలకిందులు. రెండు ఇంజన్లు బిగించి, రెండు ప్రొపెల్లర్లనీ ఎదురెదురు దిశల్లో తిప్పే పడవలున్నాయి. వాటిలో ఆ మెలి దానికదే రద్దవుతుంది. అయినా స్టీరింగు చాలావాటిలో కుడిపక్కనే ఉంటుంది. కాబట్టి అసలు కారణం ఇంజను గదిలో కాక ఇంకెక్కడో వెతకాలి.

వెతకాల్సింది దారి నియమాల్లో. నీటిమీద గీతలుండవు, సిగ్నళ్ళుండవు. రెండు మోటారు పడవలు అడ్డంగా ఒకదాని దారిలోకి ఒకటి వస్తుంటే ఎవరు తప్పుకోవాలి? 1972లో కుదిరి 1977 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ నియమాల ప్రకారం, అవతలి పడవ ఎవరికి కుడిపక్కన కనిపిస్తుందో వాళ్ళే తప్పుకోవాలి. రెండోవాళ్ళు తమ దారినీ వేగాన్నీ మార్చకుండా సాగాలి. అమెరికా లోపలి జలాల్లోనూ ఇదే పద్ధతి. ఈ లెక్కన నడిపేవాడి మెడమీద కత్తి ఎప్పుడూ కుడివైపునే వేలాడుతుంటుంది. ఎడమనుంచి వచ్చేవాడు తప్పుకోవాల్సినవాడు. కుడినుంచి వచ్చేవాడికి మనం తప్పుకోవాలి.

రాత్రి దీపాల అమరిక చూస్తే ఈ నియమం ఎంత ముచ్చటగా కుదిరిందో అర్థమవుతుంది. పడవ ఎడమపక్కన ఎర్రదీపం, కుడిపక్కన ఆకుపచ్చది. మనకి కుడివైపునుంచి అడ్డంగా వచ్చే పడవ తన ఎడమ పార్శ్వాన్ని చూపిస్తుంది, కనుక మనకి కనబడేది ఎరుపు. ఆగు, తప్పుకో అన్నట్టే. అదే సమయంలో వాడికి మన కుడి పార్శ్వం, ఆకుపచ్చ దీపం కనబడుతుంది. చీకట్లో ఒకరి మొహం ఒకరికి తెలియకపోయినా ఎవరి వంతు ఏమిటో దీపాలే చెప్పేస్తాయి.

ఇప్పుడు మళ్ళీ పాంటూన్ ఎక్కుదాం. స్టీరింగు ఎడమనో నడుమనో ఉంటే కుడిపక్క సోఫాలో ఎవరో ఒకరు కూచుంటారు. పిన్నిగారి గొడుగు, బావగారి టోపీ, సెల్ఫీకోసం లేచిన పిల్లలు అన్నీ సరిగ్గా చూడవలసిన దిక్కునే కప్పేస్తాయి. నడిపేవాణ్ణే కుడి అంచున కూచోబెడితే ఆ పక్క ఇక అడ్డం ఉండదు. ఎడమవైపు కొంత మరుగైనా అక్కడ ముప్పు తక్కువ. తక్కువే కానీ లేదని కాదు. తప్పుకోవాల్సినవాడికి నియమం తెలియకపోతే మనమే చూసుకోవాలి. సెలవు రోజుల్లో లానియర్ మీద అలాంటివాళ్ళకి కొదవ ఉండదు.

కారులో లెక్క వేరు. అమెరికాలో రోడ్డుకి కుడివైపున నడుపుతారు, ఎదురుబళ్ళు ఎడమపక్కనుంచి రాసుకుపోతాయి, వాటికి దగ్గరగా డ్రైవరు ఉండాలి. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి స్టీరింగుని ఎడమకి పెట్టాక మిగతా కంపెనీలు క్రమంగా అదే దారి పట్టాయి. ఇరుకు కాలవలో పడవలు కూడా కుడి ఒడ్డు పట్టుకునే నడవాలి, ఎదురుపడితే కుడికే తిరగాలి. ఆ ఒక్క సంగతే చూసుకుంటే పడవకీ స్టీరింగు ఎడమనే ఉండాలి. కానీ విశాలమైన నీటిమీద ఎదురుపడేవాటికంటే అడ్డం వచ్చేవాటితోనే తంటా ఎక్కువ.

ఇంజన్లూ నియమాలూ పుట్టకముందు సంగతేమిటి? అప్పుడు నిర్ణయించింది చెయ్యి. ఉత్తర ఐరోపా నావల్లో చుక్కాని వెనక నడుమ ఉండేది కాదు. వెడల్పాటి తెడ్డునొకదాన్ని నావ వెనక కుడిపక్కకి కట్టేవారు, ఎందుకంటే లోకంలో కుడిచేతివాటం వాళ్ళే ఎక్కువ. నార్వేలో 1880లో తవ్వితీసిన గోక్‌స్టాడ్ వైకింగ్ నావలో ఆ పక్క చుక్కాని స్పష్టంగా ఉంది. 1893లో దానికి నకలు కట్టి, మాగ్నస్ ఆండర్సన్ అనే కెప్టెన్ అట్లాంటిక్ దాటించి షికాగో ప్రపంచ ప్రదర్శనకి తీసుకువచ్చాడు. కుడిపక్క చుక్కాని ఉన్న నావని కుడిపక్క గట్టుకి ఆనిస్తే అది నలిగిపోదూ? అందుకని ఎడమపక్కనే ఒడ్డుకి చేర్చి సరుకు ఎత్తిదించేవారు. చుక్కాని నావ వెనక నడుమకి మారి శతాబ్దాలు దాటింది. కానీ నేటి పాంటూన్లలో చాలావాటికి స్టీరింగు కుడివైపు ఉంటే, జనం ఎక్కే పక్క గేటు ఎడమవైపు ఉంటుంది. విమానం ఎక్కేదీ ఎడమ తలుపునుంచే.

చెయ్యి వాటానికి తగ్గట్టు పడవ ఒళ్ళే వంకర తిప్పినవాళ్ళు వెనిస్‌వాళ్ళు. సెలవులకి ఇటలీ వెళ్ళి గొండోలా ఎక్కిన తెలుగు దంపతులు ఫోటోల హడావిడిలో గమనించరు కానీ, ఆ పడవ సౌష్టవంగా ఉండదు. సుమారు 11 మీటర్ల పొడవు. ఎడమ సగం కుడి సగంకంటే 24 సెంటీమీటర్లు వెడల్పు. నడిపేది ఒక్కడే, వెనక ఎడమపక్కన నిలబడతాడు, ఒకే తెడ్డుని కుడిపక్కన నీట్లో వేస్తాడు. సరిసమానమైన పడవని అలా ఒకే పక్కన తెడ్డేస్తే అది ఎడమకి చుట్టేసుకుంటుంది. పడవనే కుడికి వాలేలా కట్టడంవల్ల ఆ తిప్పుడూ ఈ వంపూ చెల్లుకి చెల్లై, గొండోలా తిన్నగా పోతుంది. తెడ్డు ఆనించే ఫోర్కోలా అనే వాల్‌నట్ కొయ్య కూడా ఒక వింతే. దానికున్న ఒక్కో మలుపులో తెడ్డు ఆనిస్తే ఒక్కో పని: ముందుకి సాగడం, ఆగడం, వెనక్కి రావడం, అక్కడికక్కడే తిరగడం. స్టీరింగు ఎటు పెట్టాలన్న ప్రశ్నకి మొత్తం పడవే జవాబైన చోటు ఇంకొకటి చూపించడం కష్టం.

ఇవన్నీ విన్నాక మామగారు ఒప్పుకున్నట్టే తలాడించి, "మరి చేపలు పట్టేవాడి సంగతేంటండీ?" అంటారు. గోదారివాడి ప్రశ్న, అడగవలసిందే. గాలంతో పెద్ద చేపని పట్టేవాళ్ళు దానితోపాటు పడవ చుట్టూ తిరగాలి, కనుక వాళ్ళ పడవల్లో స్టీరింగుని తెచ్చి నట్టనడుమ పెట్టేస్తారు. చుట్టూ నడిచేందుకు దారి వదులుతారు. మెయిన్ రాష్ట్రంలో లాబ్‌స్టర్లు పట్టేవాళ్ళ పడవలో మాత్రం స్టీరింగు కుడిపక్కనే, దాని పక్కనే తాడు లాగే యంత్రం. నీటిమీద తేలే రంగు బోయని కుడిపక్కకి వచ్చేలా పడవని తీసుకువచ్చి, కొక్కెం కర్రతో దాన్ని అందుకుని, తాడుని యంత్రానికి తగిలించి, అడుగునున్న బుట్టని పైకి లాగుతాడు. ఒక చెయ్యి చక్రం మీద, ఒక చెయ్యి తాడు మీద. తోడుకి మనిషి లేకపోయినా పని నడిచిపోతుంది.