ఏటి మీద ఏరు

సేతువు అనే మాటకు వారధి అనీ, గట్టు అనీ రెండర్థాలున్నాయి. ఒకటి మనిషిని దాటిస్తుంది, రెండవది నీటిని నిలుపుతుంది. నీటి మీదుగా నీటినే దాటించే సేతువు ఒకటుందని మాత్రం నాకు ఏ నిఘంటువూ చెప్పలేదు. చెప్పినవాడు ఏడవ తరగతి విద్యార్థి.

1983లో తెలుగు పండితునిగా కోనసీమలో ఉద్యోగంలో చేరాను. మాది మెట్టప్రాంతం, కాలువల సంగతి ఎరుగను. ఒకనాడు "మా ఊరి వింత" అని వ్యాసం వ్రాయమన్నాను. గన్నవరం వైపు పిల్లవాడొకడు ఇలా వ్రాశాడు: "మా ఊళ్ళో ఏటి మీద ఏరు పారుతుంది. క్రింది నీరు సముద్రానికి పోతుంది. పై నీరు మా చేలోకి వస్తుంది." ఎర్రసిరాతో గీత కొట్టి, "అసంబద్ధం" అని వ్రాసి, తరగతిలో పైకి చదివాను. ఒక్కరూ నవ్వలేదు. ఎందుకో నాకు బోధపడలేదు.

సంక్రాంతి సెలవులలో సైకిలు మీద గన్నవరం వెళ్ళాను. వైనతేయ గోదావరికి అడ్డంగా కమానుల బారు కనిపించింది. మొత్తం నలభై తొమ్మిది. ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పు. కాటన్ దొర చేపట్టిన డెల్టా పనులలో భాగంగా, హేగ్ అనే సైనిక ఇంజనీరు పర్యవేక్షణలో 1852-53లో కట్టారు. కమానుల క్రింద నది, వాటి పైన కాలువ! ఆ నీరే ఆవలి దీవిలోని వరిచేలకు ప్రాణం. గట్టున నిలబడి చాలాసేపు తల దించుకున్నాను.

సెలవులు ముగిశాక ఆ పిల్లవానితో నా తప్పు ఒప్పుకోవాలనుకున్నాను. "రేపు చెబుదాం" అనుకుంటూ పరీక్షల దాకా జరిపాను. పాండిత్యగర్వం అంత తేలికగా వదలదు గదా! బడి మళ్ళీ తెరిచేసరికి అతడు లేడు. కుటుంబం వలసపోయిందన్నారు.

2000లో ప్రక్కనే కొత్త అక్విడెక్టు వచ్చింది. ఆకలితో వచ్చిన బాటసారికి వేళకాని వేళనైనా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు దానికి పెట్టారు. పొలానికి నీరు మోసే కట్టడానికి అంతకన్న తగిన పేరు లేదు. మొన్న వెళ్ళి చూశాను. పాతదాని మీద నీరు లేదు. క్రింద వైనతేయ మాత్రం ఎప్పటిలాగే పారుతోంది.

ఆ పిల్లవానికి ఇప్పుడు యాభై దాటి ఉంటాయి. నాయనా, నీ వాక్యంలో తప్పు లేదు. చూడకుండా దిద్దినవాడిదే తప్పు. ఆ ఎర్రగీతను ఈనాడు కొట్టివేస్తున్నాను.