ఇరవై మూడు బోర్లు

మా చిట్యాల చేలల్లో కాస్త తవ్వితే చాలు, రాయి తగులుతుంది. మా నాయన ఇదివరకు వేయించిన రెండు బోర్లలోనూ దుమ్మే లేచింది. అప్పు మిగిలింది. మూడోది వేయించాలా వద్దా అన్నదే నిరుడు ఎండాకాలమంతా ఇంట్లో మాట.

"స్టాటిస్టిక్స్ చదువుతున్నవు గదరా, ఎంత లోతుల నీళ్లు పడ్తయో లెక్కగట్టి చెప్పు" అన్నాడు నాయన.

చుట్టుపక్కల చేలు తిరిగి 23 బోర్ల లోతులు రాసుకొన్నాను. నీళ్లు పడ్డవి ఏడే. లోతు పెరిగేకొద్దీ నీటి అవకాశం ఎట్లా పెరుగుతుందో చూపే లాజిస్టిక్ రేఖను గీయమని ఆర్ సాఫ్ట్‌వేర్‌కు అప్పగించాను. అది చీకట్లో గుట్ట ఎక్కేవాడిలాగా తడుముకొంటూ, లైక్లీహుడ్ ఎక్కువయ్యే వైపు అడుగులేసి, ఇక ఎత్తు లేదనుకొన్నచోట ఆగుతుంది. సగానికి సగం అవకాశముండే లోతు 530 అడుగులన్నది. శిఖరం వంపును బట్టి 95 శాతం హద్దులు 300, 760.

సంబరంగా సారుకు చూపించాను. "శిఖరం మీద నిలబడి గుట్ట వాలు చెప్తవా? ప్రొఫైల్ తీయి" అన్నారు.

ప్రొఫైల్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. సగం అవకాశపు లోతును 400 అని బిగించి, మిగిలినదాన్ని మళ్లీ వెతకనివ్వాలి. తర్వాత 410, 420... ప్రతిచోటా లాగ్ లైక్లీహుడ్ శిఖరం కంటే ఎంత దిగిందో గుర్తించాలి. 1.92 దిగినచోటు హద్దు. ఎడమవైపు 430 దగ్గరే దిగిపోయింది. కుడివైపు 760 దాటింది, వెయ్యి దాటింది, 2000 దాకా పోయినా దిగలేదు! లోతు బోర్లు నా చీటీలో మూడో నాలుగో ఉన్నాయి, అంతకంటే అవి మాత్రం ఏం చెబుతాయి?

మన సి.ఆర్. రావుగారు 1945లో నిరూపించిన హద్దు కూడా ఆ వంపుకు సంబంధించినదే. అంచనాలోని చెదురు 'ఇంతకు తగ్గదు' అని ఆయన అన్నారు. నేనేమో 'ఇంతే' అని చదువుకొన్నాను. ఆ 760ని నమ్మి నాయన మళ్లీ అప్పు చేసి ఉంటే?

"పైహద్దు దొరకలేదు నాయినా" అన్నాను. "గిందుకేనా గన్ని పైసలు కట్టి చదివిస్తున్నది" అని కండువా దులుపుకొని లేచాడు. కాని బోరు బండిని పిలవలేదు. వానాకాలం పత్తి పెట్టాడు.

ఆ బండి పక్క చేనుకు వచ్చింది. రాత్రంతా చప్పుడు. తెల్లారి నాయనే లేపి, "రాసుకో, 610" అన్నాడు. నీళ్లు పడ్డాయా అని అడిగాను. తలూపలేదు. ఇరవై నాలుగో వరుసలో సున్నా వేసుకొన్నాను.