వనభోజనం: పంక్తిలో లేనివాని కోసం

కార్తికమాసం ప్రవేశించగానే తెలుగునాట రెండు దృశ్యాలు నియతంగా కనబడతాయి. తెల్లవారుజామున నదీతీరాలలో, దేవాలయాలలో దీపాలు వెలుగుతాయి. మధ్యాహ్నవేళ తోటలలో విస్తళ్ళు పరచుకుంటాయి. మొదటిది సాధన, రెండవది వినోదం అని చాలామంది అభిప్రాయం. స్నానాలు, ఉపవాసాలు, నక్తవ్రతాలు విధించిన మాసంలో ఇంత విందు దేనికని కొందరు సాధకులు ప్రశ్నించడమూ కద్దు. ఆ ప్రశ్న తోసిపుచ్చదగినది కాదు. జిహ్వను నిగ్రహించమన్న నెలలోనే, ఇల్లు విడిచి, చెట్టు క్రిందికి చేరి, నలుగురితో కలిసి తృప్తిగా భుజించమన్న పెద్దల ఆంతర్యం ఏమిటి?

ఆశ్వయుజ కార్తికాలు శరదృతువు. వర్షాకాలమంతా ఎర్రగా పొర్లిన గోదావరి ఈపాటికి తేరుకుంటుంది. పగలు సూర్యకిరణాలతో తప్తమై, రాత్రి చంద్రకిరణాలతో శీతలమై, అగస్త్య నక్షత్రోదయంతో నిర్విషమైన శరత్కాల జలాన్ని చరకసంహిత ‘హంసోదకం’ అని పేర్కొన్నది. ఈ ఋతువులో పిత్తం ప్రకోపిస్తుందనీ, పెరుగు, పగటినిద్ర వర్జ్యాలనీ, మధురమూ తిక్తమూ లఘువూ అయిన ఆహారం హితమనీ ఆ సంహితే బోధించింది. పిత్తాన్ని శమింపజేసే ద్రవ్యాలలో ఉసిరికది ఉన్నతస్థానం. లవణం ఒక్కటి తప్ప తక్కిన ఐదు రసాలూ ఆ చిన్ని కాయలో ఉన్నాయని ఆయుర్వేదం చెబుతుంది. ఆ ధాత్రీవృక్షం నీడలో విష్ణుపూజ చేసి, నివేదన సమర్పించి, అక్కడే భుజించడాన్ని కార్తికపురాణం ప్రశంసించింది. ఇక్కడ ధర్మమూ ఆరోగ్యమూ ఒకే త్రోవలో నడిచాయి.

ఇందులో ఒక విశేషం ఉంది. ఆదివారం నాడు, రాత్రివేళ ఉసిరి తినరాదని ఆచారం. ఉద్యోగస్థులకు సెలవు దొరికేది ఆదివారమే కనుక నేటి వనభోజనాలు ఎక్కువగా ఆనాడే జరుగుతున్నాయి. అంటే చెట్టు నీడ కావాలి గాని దాని ఫలం విస్తట్లోకి రారాదు. పైకి విరోధంగా తోచినా, ఆలోచిస్తే ఇదొక ఉపదేశమే. మనిషి ఆ చెట్టు క్రిందికి వెళ్ళేది కాయ కోసం మాత్రమే కాదని ఆ నియమం గుర్తుచేస్తుంది. మరి దేనికోసమన్నది ఒక చిన్న వృత్తాంతం వల్ల స్పష్టమవుతుంది.

గౌతమీ గోదావరి తీరాన, కోటిపల్లి రేవుకు సమీపంలోని ఒక గ్రామంలో నలుగురు మిత్రులు ఉన్నారు. ఒకరు విశ్రాంత ఉపాధ్యాయులు. ఒకరు కొబ్బరి వర్తకులు. ఒకరు వడ్రంగం పనివారు. నాలుగవవారు పడవ నడిపి జీవించేవారు. నలుగురివీ నాలుగు కులాలు. అరవై ఏళ్ళు సమీపించిన వీరంతా ఒకే బడిలో చదివినవారు. వీరి వనభోజనానికి మూలం ఏ సంస్కరణోద్యమమూ కాదు, పిల్లల ఆకలి. బాల్యంలో ఆ ఊరి వనభోజనంలో పంక్తులు వేరువేరుగా, దూరదూరంగా ఉండేవి. పెద్దలు భుజించి చెట్ల నీడన నడుము వాల్చిన వేళ, ఈ నలుగురూ తమ తమ పంక్తులలో మిగిలిన పులిహోర, బూరెలు చాటుగా తెచ్చుకొని, ఏటి ఒడ్డున ఇసుకలో ఒకే అరటియాకు పరచి, అందులో కలబోసుకొని తిన్నారు. మరుసటి యేడూ అదే జరిగింది. ఆ అలవాటు నలభై ఏళ్ళు దాటి నిలిచింది.

క్షీరాబ్ది ద్వాదశి గడచిన తరువాతి ఆదివారం వీరు పడవలో గోదావరి నడుమనున్న ఒక లంకకు చేరుకుంటారు. అక్కడి తోటలో ఒక పాత ఉసిరిచెట్టు ఉంది. దాని మొదట్లో నీరు చల్లి, పసుపు కుంకుమలతో పూజించి, మూడు ఇటుకల పొయ్యిలో కొబ్బరి మట్టలు రాజేసి, ఇత్తడి గుండిగలో ఎసరు పెడతారు. ఉల్లి, వెల్లుల్లి దరిచేరవు. పడవ నడిపే ఆయన కందా బచ్చలి కూర వండడంలో నేర్పరి. కందలోని దురద పోయేలా చింతపండు రసంతో ఉడికించి, కూర దింపిన తరువాతనే నూరిన ఆవముద్ద కలుపుతారు. మంట మీద కలిపితే ఆవ చేదెక్కుతుంది. ఉపాధ్యాయుల ఇంటి నుండి దబ్బకాయ పులిహోర వస్తుంది. ఆ రసాన్ని మరిగించరాదు, ఆరిన అన్నంలో పిండాలి. వర్తకుల ఇంటి కొబ్బరి పచ్చడి, బెల్లం వేసిన గుమ్మడికాయ పులుసు, వడ్రంగి గారి ఇల్లాలు చేసి పంపే బూరెలు. బూరెకు నడుమ చిల్లు పెట్టి అందులో నెయ్యి పోసుకోవడం గోదావరి సీమవారికి వేరే చెప్పనక్కరలేదు. చివరకు పెరుగు కాదు, దబ్బాకు నలిపి వేసిన పలుచని మజ్జిగ.

ఉపాధ్యాయులు చాతుర్మాస్య నియమం గలవారు. శాకం, దధి, క్షీరం, ద్విదళం అనే నాలుగింటిని క్రమంగా ఒక్కొక్క నెల వర్జించే వ్రతం అది. ద్విదళ నియమం ద్వాదశితో ముగిసినా, ఆయన మాత్రం పప్పు ముట్టక మిత్రుల పంక్తి దాకా ఆగుతారు. నెలకు పైగా పప్పు ఎరుగని నాలుక మీద ముద్దపప్పు, నెయ్యి కలిపిన తొలి ముద్ద పడినప్పుడు ఆయన కనులు వాటంతట అవే మూతపడతాయి. నిగ్రహం రుచిని చంపదు, శుద్ధి చేస్తుంది అనడానికి ఆ ముఖం చాలిన ప్రమాణం. మాసారంభంలో వేసిన ప్రశ్నకు సగం సమాధానం ఇక్కడే ఉంది. మిగిలిన సగం ఒకానొక కార్తికంలో తెలిసింది.

ఇటీవలి కాలంలో కార్తిక ఆదివారాలలో కులసంఘాల పేరిట వనభోజనాలు విస్తరించాయి. ఆ యేడు కొబ్బరి వర్తకుల సంఘీయులు సరిగ్గా అదే ఆదివారం తమ వనభోజనం నిర్ణయించారు. ఆయన కుమార్తె వివాహ సంబంధం అక్కడే మాట్లాడవలసి ఉంది. రాకపోతే బాగుండదని పెద్దలు కబురు పంపారు. ఆయన మిత్రులకు ఫోన్ చేసి, “నా కోసం చూడకండిరా, మీరు కానిచ్చెయ్యండి” అని చెప్పారు. గొంతులో జీర వినబడినా ఎవరూ ఏమీ అనలేదు. ఆడపిల్ల తండ్రి అవసరం వారికి తెలియనిది కాదు.

సంఘం వారి ఏర్పాట్లు ఘనంగా ఉన్నాయి. మామిడితోటలో షామియానాలు, వేదిక, ఉపన్యాసాలు, శాలువాలు, బల్లల మీద వరుసగా అమర్చిన వంటకాలు. తోటలో ఉసిరిచెట్టు లేనందున ఎక్కడినుండో ఒక కొమ్మ తెచ్చి కుండీలో గుచ్చి పూజ ముగించారు. అక్కడివారు చెడ్డవారు కారు; ఆప్యాయంగానే పలకరించారు. సంబంధం మాటలూ సానుకూలంగా సాగాయి. అయినా పళ్ళెం చేతబట్టి నిలబడిన ఆయనకు ముద్ద నోటికి పోలేదు. పళ్ళెం ప్రక్కన పెట్టి, పెద్దల వద్ద సెలవు తీసుకొని, రేవుకు వచ్చి, పడవ దొరికి లంకకు చేరేసరికి సాయంకాలం నాలుగు గంటలు దాటింది.

ఉసిరిచెట్టు క్రింద ఐదు ఆకులు పరచి ఉన్నాయి. నాలుగు మిత్రులవి, ఐదవది ఏటేటా వారితో కూర్చునే తోట కాపరిది. ఒక్క ఆకులోనూ వడ్డన జరగలేదు. అన్నం చల్లారిపోయింది. బూరెలు మెత్తబడ్డాయి. “ఇంకా తినలేదేంట్రా?” అన్న వర్తకుల ప్రశ్నకు వడ్రంగి గారు, “మాస్టారు పప్పు కోసం నెల్లాళ్ళు ఆగాడు. నీ కోసం నాలుగు గంటలు ఆగలేడా?” అన్నారు. అందరూ నవ్వారు. వర్తకులు మాత్రం కండువా చెంగుతో కళ్ళు ఒత్తుకొని తన ఆకు ముందు కూర్చున్నారు. ఆనాడు చల్లారిన ఆ అన్నాన్ని మించిన భోజనం తాము ఎన్నడూ ఎరుగమని ఆ నలుగురూ ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ వృత్తాంతం వినగానే భాగవతం దశమస్కంధం స్మరణకు రాక మానదు. అఘాసురవధానంతరం యమునా పులినంలో గోపబాలురు శ్రీకృష్ణుని చుట్టూ, పద్మకర్ణిక చుట్టూ రేకుల వలె కూర్చొని చల్దులు ఆరగించిన ఘట్టం పోతనామాత్యుని వల్ల తెలుగువారికి ఇంటింటి సొత్తయింది. ఆకులు, పూవులు, చెట్టు బెరడులు, రాళ్ళే వారి పాత్రలు. ఎవరి చల్ది రుచి వారు మిత్రులకు చూపుతూ నవ్వుకుంటారు. యజ్ఞభోక్త అయిన స్వామి పెరుగన్నం ముద్ద ఎడమచేత పట్టి వారిలో ఒకడై కూర్చుంటాడు. ఇంతలో దూడలు కనబడవు. చేతి ముద్ద చేతనే ఉండగా స్వామి వాటిని వెదకబోతాడు. బ్రహ్మ దూడలను, బాలురను మాయతో దాచివేస్తాడు. సంవత్సరం గడచిన పిమ్మట స్వామి తిరిగి వస్తే, అది క్షణార్ధంగా మాత్రమే తోచిన ఆ బాలురు, నీవు లేక ఒక్క ముద్దయినా తినలేదు, రమ్మని పిలుస్తారు. విధాత మాయ వారిని దాచగలిగింది గాని, మిత్రుడు లేని ముద్దను వారి నోట పెట్టలేకపోయింది. యజ్ఞాలలో హవిస్సుగా స్వామికి అందేదే ఆనాడు ఆ ఇసుక తిన్నెపై చల్దిగా అందింది.

పూర్వం వనభోజనాలలో అందరూ ఒకే పంక్తిలో కూర్చునేవారని, నేడే చీలికలు వచ్చాయని కొందరు అంటారు. అది సత్యం కాదు. వనానికి వెళ్ళినా ఊరిలోని గోడలను వెంట తీసుకొని వెళ్ళడం పాత దోషమే. ఆనాడు ఒకే తోటలో పంక్తులు వేరు; ఈనాడు తోటలే వేరు. భేదం అంతమాత్రమే. బంధువులు, స్వజనులు కలుసుకోవడంలో తప్పు లేదు. దానికి ఇండ్లున్నాయి, కల్యాణ మండపాలున్నాయి. వనం ఎవరి ఇల్లూ కాదు. అక్కడ గృహస్థు లేడు, అతిథి లేడు. వృక్షం ఒక్కటే ఆతిథేయి. అది తన నీడను ఎవరి గోత్రమూ అడిగి ఇవ్వదు.

తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి ఇక్కడ పరమ ప్రమాణం. భృగువు మొదట అన్నమే బ్రహ్మమని తెలుసుకున్నాడు. తపస్సు కొనసాగించి ప్రాణం, మనస్సు, విజ్ఞానం దాటి చివరకు ఆనందాన్ని బ్రహ్మంగా ఎరిగాడు. అక్కడితో బోధ ముగియవచ్చు. ముగియలేదు. ఆనందాన్ని తెలిపిన ఉపనిషత్తు వెంటనే మళ్ళీ అన్నం వద్దకే వచ్చి వ్రతాలు విధించింది: అన్నాన్ని నిందించరాదు, త్రోసివేయరాదు, సమృద్ధిగా పండించాలి, నివాసానికి వచ్చిన ఎవ్వరినీ కాదనరాదు. ఆనందమయం దాకా ఎక్కినవాడు దిగి రావలసింది వడ్డించే విస్తరి వద్దకే అని దీని భావం. ఉపవాసమూ వనభోజనమూ ఒకే మాసంలో ఉండడానికి కారణం ఇదే. ఉపవాసం తన ఆకలిని తెలుపుతుంది. వనభోజనం ఎదుటివాని ఆకలిని తెలుపుతుంది. మొదటిది మాత్రమే తెలిసినవాని వ్రతం అసంపూర్ణం.

కనుక ఈ కార్తికంలో విస్తళ్ళు పరిచే ప్రతి సాధకుడూ పరిషేచనకు నీరు చేతిలోకి తీసుకొనే ముందు ఒక్కసారి పంక్తి ఆ చివర నుండి ఈ చివర దాకా చూడాలి. వంట చేసినవాడు కూర్చున్నాడా? తోట ఊడ్చిన ఆమె కూర్చున్నదా? వాహనం నడిపి తెచ్చినవాడు కూర్చున్నాడా? రావాలని ఉండీ రాలేకపోయిన మిత్రుడు త్రోవలో ఉన్నాడేమో? ఒక ఆకు ఖాళీగా ఉంటే కాసేపు ఆగడం వల్ల చెడేది కూర వేడి మాత్రమే. ఆగకపోతే చెడేది పంక్తి. దామోదరుడు చల్లారిన అన్నాన్ని ఎన్నడూ తిరస్కరించలేదు.

శుభం భూయాత్.